పేరు చెక్కిన పాత్ర: గోదావరీ మండల వాఙ్మయమున గృహవస్తు మమకారము

‘పాత యొక రోత, క్రొత్త యొక వింత’ అని మన భాషలో సామెత గలదు. ఈ సామెతను నిత్యము పలుకు నోళ్ళే ఆ సామెత కెదురుగా సంసారము చేయుచుండుట గోదావరీ మండలమున ఏ పాత లోగిలిలో నడుగిడినను కానవచ్చును. ఏండ్ల తరబడి నీరు కాగని గంగాళము అటకమీద బోరగిలి యుండును. దాని నమ్మివేయుదమన్న మాట పుట్టినంతనే యింటి ముసలమ్మ మొగము ముడుచుకొనును. ఈ మమకారమునకు సామాన్యముగా రెండు వ్యాఖ్యానములు చెప్పబడుచున్నవి. పూర్వస్మృతులు వస్తువు నాశ్రయించి యుండుటచే నది విడువరానిదగు ననునది మొదటిది. ఇది స్త్రీసహజమైన వస్తువ్యామోహము, కొంచెము పిసినారితనము కలసినదనునది రెండవది. మొదటిది మర్యాదగా నున్నది, రెండవది మోటుగా నున్నది. మాకు రెండును చాలినవిగా తోచుట లేదు. ఈ మమకారమునకు మూలము జ్ఞాపకము కాదు, లోభమును కాదు, హక్కు అని మా యభిప్రాయము. ఈ మండలమున పుట్టిన కొన్ని వచన రచనలను, వానితోపాటు ఎవరును రచనగా నెంచని పాత్రలమీది యక్షరములను చేర్చి చదివినచో నీ యభిప్రాయమునకు బలము చేకూరును.

మొదట మన యలంకారశాస్త్రము నడిగి చూతము. కావ్యములయందు వస్తువునకు స్థానము లేకపోలేదు. శాకుంతలమున నుంగరము, రామాయణమున నంగుళీయకమును చూడామణియు ప్రసిద్ధములు. కాని యివి యభిజ్ఞానములు. గుర్తింపజేయుట వాని పని. ఆ పని తీరిన పిమ్మట కవి వాని మొగము చూడడు. స్మృతి ముప్పదిమూడు వ్యభిచారి భావములలో నొకటి గనుక, దానిని రేపు వస్తువు ఉద్దీపన విభావ మగునని చెప్పి ఊరకుండవచ్చును. మమ్మటుడు దేవాదులయందలి రతిని భావమని పేర్కొనెను గాని, రాగికాగునందలి ప్రీతి యా పట్టికలోని కెక్కలేదు. అందుకాయనను తప్పుపట్టవలసిన పని లేదు. కాశ్మీరమున నాయనకు తోడికోడండ్ర పంపకములు చూచు నవకాశము కలిగినదో లేదో!

అభిజ్ఞానమునకును మన యింటి పాత్రకును గల భేదము సామాన్యమైనది కాదు. ఉంగరము పోయిన కాలముననే కథ నడచును, దొరికిన వెంటనే కథ ముగియును. పాత్ర యట్టిది కాదు. అది పోక, దొరకక, నిత్యమును పొయ్యికెక్కి దిగుచు, బూడిదయు చింతపండును రాచుకొని మెఱయుచు, మరల మసిబారుచుండును. ఉద్దీపనమని దానిని పిలుచుటకు అది కనబడినప్పుడెల్ల కన్నీరు రావలెను గదా! అట్లు వచ్చినచో వంట సాగదు.

ఆ పాత్ర యింటి కెట్లు వచ్చెను? ఈ మండలమున దాని రాకకు సారె ముఖ్యద్వారము. ఆడుపిల్లను కాపురమునకు పంపునపుడు కన్నవారు మంచము, పరుపు, బిందెలు, చెంబులు, పళ్ళెములు, కుంకుమ భరిణ, దీపపు సెమ్మెలు, తమ శక్తికొలది యిచ్చి పంపుదురు. ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరము మన మండలమునందే, పెరవలి ప్రాంతమున నున్నది. అచటి సామాను ఎన్ని సారెలలో నెన్ని యూళ్ళకు చేరినదో లెక్క వ్రాసినవారు లేరు. సారె బయలుదేరుటకు ముందు జరుగు పని యొకటి మా విషయమున కత్యంత ముఖ్యము. అది పాత్రలమీద పేరు వేయించుట. సన్నని ఉలితో చుక్కచుక్కగా పొడిచి, పాత్ర అంచు క్రిందనో మెడయొద్దనో, ఇంటిపేరు పొడియక్షరములుగను, పేరు నిండుగను చెక్కుదురు. కొన్నింటి మీద నిచ్చినవారి పేరు, కొన్నింటి మీద వివాహ సంవత్సరము, మరికొన్నింటి మీద ఫలానావారి జ్ఞాపకార్థమని యుండును. చెక్కిన వానికి వర్ణక్రమముపై శ్రద్ధ యుండవలెనన్న నియమము లేదు. వత్తులు జారును, దీర్ఘములు కుదించుకొనిపోవును. భాషాశాస్త్రజ్ఞులకు ఇదొక చిన్న నిధి.

ఈ చెక్కుడును మనవారు సాధారణముగ జ్ఞాపకచిహ్నముగ నెంతురు. జ్ఞాపకమునకు పేరు అక్కరలేదు. తన తల్లి యిచ్చిన చెంబును గుర్తుపట్టుట కే కూతురికిని అక్షరములు కావలసి రావు. పైగా, ఆ చెక్కుడు మొదలైన నాళ్ళలో నా పేరు గల స్త్రీలలో ననేకులు తమ పేరు తాము చదువుకొనగలిగినవారు కారు. కాగా నా పేరు చదువవలసినది యితరులు. ఎప్పుడు? పంపకముల నాడు.

ఉమ్మడి కుటుంబము విడిపోవునపుడు పొలము పెద్దమనుష్యుల ముందు గొలుసులతో కొలువబడును, ఇల్లు వాటాలుగ గీయబడును, గాదెలోని ధాన్యము కాటాకెక్కును. ఇత్తడి సామాను నడవలో కుప్ప పోయబడును. ఆ కుప్పలో నుండి పంపకమునకు రానిది యేదో తేల్చునది ఆ చుక్కల యక్షరములే. మనుస్మృతి స్త్రీధనమును ఆరు విధములుగా చెప్పినది: అగ్నిసన్నిధి నిచ్చినది, అత్తవారింటికి పయనమగునపు డిచ్చినది, ప్రీతిచే నిచ్చినది, తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది, సోదరుడిచ్చినది. విజ్ఞానేశ్వరుని మితాక్షర యీ నిర్వచనమును మరింత విస్తరింపజేసెను. పదుమూడవ శతాబ్దిలో కేతన యా మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తిక్కన సోమయాజికి శిష్యప్రాయుడైన కవి, దశకుమార చరిత్రము, ఆంధ్రభాషాభూషణము వ్రాసిన చేతితో, దాయభాగములను గూర్చి పద్యములు వ్రాయుట మన సాహిత్య చరిత్రలలో నొక వింతగా మాత్రమే పేర్కొనబడుచున్నది. ఆ పద్యములు చదివినవారెందరో తెలియదు గాని, ఆ న్యాయము మాత్రము కంసాలి యులి మొనయందు ప్రతిపాత్ర మీదను మరల వ్రాయబడినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పదునాలుగవ సెక్షను, స్త్రీ యధీనమున నున్న స్థిరచరాస్తులకు నామెనే సంపూర్ణ యజమానురాలిగ జేసినది. 1986లో నాంధ్రప్రదేశ్ శాసనసభ తెచ్చిన సవరణ వలన కూతురికి ఉమ్మడి యాస్తిలో జన్మహక్కు కలిగినది. ఇవి వచ్చువరకు లోగిలిలో స్త్రీ పేర నిర్వివాదముగ నున్న యాస్తి చాలయిండ్లలో నొంటిమీది నగయు, పేరు చెక్కిన పాత్రయు మాత్రమే.

ద్రాక్షారామ భీమేశ్వరాలయమున స్తంభములమీదను గోడలమీదను గల శాసనములను చదివిన విద్యార్థికి ఈ పాత్రల యక్షరములు క్రొత్తవిగ తోచవు. ఆ శాసనము లనేకము అఖండదీపములకు గొఱ్ఱెలను సమర్పించిన దాతల పేర్లను చెప్పును. దాతలలో స్త్రీలు పెక్కుమంది. దాత పేరు, సంబంధము, సందర్భము, వస్తువు అనునవే యీ పాత్రల మీదను గలవు. శాసనమున చివర దానమపహరించినవానికి శాపశ్లోక ముండును, పాత్రమీద నుండదు. దాని పని తోడికోడలి చూపు చేయును. దక్షిణ హిందూ శాసన సంపుటముల నాలుగవ భాగమున ద్రాక్షారామ శాసనములు ముద్రితములై పరిశోధకుల కందుబాటులో నున్నవి. లోగిలిలోని శాసనములకు నకలు తీసినవారు లేరు.

ఇచట చారిత్రకముగ నొక జాగ్రత్త చెప్పవలసియున్నది. ‘తాతముత్తాతల నాటి’ సామానని మనము చెప్పుకొనునది నిజముగ నెంత పాతది? ధవళేశ్వరము ఆనకట్ట 1847లో నారంభమై 1852లో ముగిసెను. అంతకుముందు రెండు దశాబ్దములలో నీ మండలము 1832–33 నాటి కరవును, 1839 నాటి కోరంగి యుప్పెనను చూచినది. కాలువ నీరు పారి రెండుపంటలు పండిన పిమ్మటనే రైతుల యిండ్లలో మండువాలు లేచెను, పందిరిమంచములు వచ్చెను, భోషాణములు నిండెను. భద్రాచలపు టడవుల టేకు దుంగలు తెప్పలుగా కట్టబడి నదివెంట రాజమహేంద్రవరమునకు దిగుచుండెను. ఆ కలపయే ద్వారబంధము, అదియే ఉయ్యాలబల్ల, అదియే పడకకుర్చీ. కనుక మన పురాతనత్వములో నధికభాగము నూట డెబ్బది యేండ్లకు మించనిదని మా యూహ. సనాతనమని మనము తలకెత్తుకొనునది కాటను దొర కాలువలలో కొట్టుకొనివచ్చిన కలిమి. ఇందు చిన్నబుచ్చుకొనవలసినదేమియు లేదు. క్రొత్తగా వచ్చిన కలిమికి క్రొత్తగా హద్దులు కావలెను, హద్దులకు పేర్లు కావలెను.

ఇక వచన వాఙ్మయమునకు వత్తము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878 నుండి వెలువడి, 1880లో గ్రంథరూపము దాల్చెను. కథ ధవళేశ్వరమున నారంభమగును. గృహవర్ణనము ప్రారంభ ప్రకరణములలోనే యున్నది. గోల్డుస్మిత్తు నవలలో మతాచార్యుని యిల్లు అగ్నికాహుతియగును, పంతులుగారి నవలలో రాజశేఖరుడుగారి యిల్లు ముఖస్తుతికిని, బైరాగి స్వర్ణయోగమునకును, అప్పునకును ఆహుతియగును. ఈ మార్పు చేసిన చోటనే పంతులుగారి దేశీయత కనబడుచున్నది. మన మండలమున నిండ్లు కాలిపోవుట కంటె తాకట్టులో కరగిపోవుట యెక్కువ గదా!

ఆ నవలలో రుక్మిణి కాసులపేరు రథోత్సవమునాడు పోవును. పోయిన నగకై సోది యడుగుట, ఆ మోసము బయటపెట్టుట పంతులుగారి లక్ష్యము. దానిని వారు చక్కగ నెరవేర్చిరి. కాని యా కాసులపేరు రుక్మిణి కేమి? ఎవరు చేయించి యిచ్చిరి? అది లేని మెడతో నామె యింటికెట్లు నడచెను? రచయిత యా వైపు తిరుగలేదు. సంఘసంస్కర్తకు వస్తువు మూఢవిశ్వాసమునకు కొక్కెము. బంగారము ముందు వచ్చుచున్నది, దాని వెల వచ్చుచున్నది, దానిచే మోసపోయిన బుద్ధి వచ్చుచున్నది. అది పెట్టుకొన్న మనిషి వెనుకబడుచున్నది. ఇది దోషమని మేమనుట లేదు. తొలినవల మీద నన్ని బరువులును పెట్టరాదు. ఐనను, తన యావదాస్తిని 1906లో నేర్పడిన హితకారిణీ సమాజమునకు ధారవోసిన మహనీయుని వస్తుదృష్టి యిదియేయని గుర్తింపవలెను. ఆయనకు సొత్తు పని చేయవలసినది. పని చేయని సొత్తుపై నాయనకు జాలి లేదు. ఆయన జన్మించిన యిల్లు నేడు రాజమహేంద్రవరమున స్మారకమై సందర్శకులను పిలుచుచున్నది. అన్నియు నిచ్చివేసినవాని యిల్లే మనము ముట్టుకొనక భద్రపరచుకొనుచున్నాము.

అడివి బాపిరాజుగారి నారాయణరావు మరియొక త్రోవ. 1934లో నాంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని విశ్వనాథవారి వేయిపడగలుతో పంచుకొన్న యీ నవల కోనసీమలోని కొత్తపేట గృహమును, జమీందారీ భవనమును ఎదురెదురుగా నిలిపినది. చిత్రకారుడగుటచే బాపిరాజుగారు వస్తువును రంగుతోను వెలుగుతోను చూతురు. ఆయన వాక్యమున నే వస్తువైనను అందముగా నుండును. ఇదియే చిక్కు. అందమైన వస్తువును మనము మెచ్చుకొందుము, మమకార మట్లు పుట్టదు. సొట్టపడిన చెంబు మీద మమకార ముండును, దానిని చిత్రించుటకు కుంచె యొప్పుకొనదు. రెండిండ్ల నడుమ నలిగిన శారద మనస్సును చెప్పుట కామె పుట్టింటి సామాను ఎంత పనికివచ్చెడిదో యూహించుకొన్నచో, నవలకు గల గొప్ప యవకాశమొకటి జారిపోయినట్లు మాకు తోచును.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిని గూర్చి కొంచెమెక్కువ చెప్పవలసియున్నది. 1891లో పొలమూరున పుట్టి, 1961లో కీర్తిశేషులైన యీ మహారచయిత వర్ణన తక్కువ, మాట యెక్కువ. ఆయన కథలలో వస్తువు కంటికి కనబడుటకు ముందు చెవికి వినబడును. ఎవరో యొకరు దానిని తెమ్మందురు, కడుగుమందురు, అచట పెట్టుమందురు. అరికాళ్ళక్రింద మంటలు అను కథ యంతయు నిట్టి యాజ్ఞలతో నిండినది. బాలవితంతువొకతె ఆ యింట నందరికిని చేయవలసినదే. ఒకరి పని ముగియకముందే మరియొకరి పిలుపు. నీళ్ళు, వంట, అంట్లు, పిల్లలు, పడకలు, ఒకటి తరువాత నొకటిగ మీద పడుచునే యుండును. చివరకామె రాత్రివేళ బండివాని మాట యూతగా వీరేశలింగము పంతులుగారి తోటకు పోవుటతో కథ ముగియును.

ఈ కథను వితంతు సమస్యకు నిదర్శనముగ మన తరగతులలో పాఠము చెప్పుచున్నాము. సరియే. వస్తువుల వైపునుండి యొకసారి చదివి చూడుడు. సంపన్న గృహముల కథలలో మమకారముతో పేర్కొనబడు సామానంతయు నీ కథలోను నున్నది. అవే బిందెలు, అవే గిన్నెలు, అవే పరుపులు. కాని వానిమీద నావగింజంత ప్రీతి యైనను పలుకబడదు. అందరికంటె నెక్కువసార్లు వానిని ముట్టుకొనునది ఆ పిల్ల. స్పర్శచే మమకారము పుట్టునన్నచో నామెకు పుట్టవలెను. చిరకాల సహవాసముచే పుట్టునన్నచో నామెకే పుట్టవలెను. పుట్టలేదు. ఏలయన, తోమిన గిన్నెలలో నొకదానికైనను నామె యజమానురాలు కాదు. వితంతువైనంత మాత్రమున స్త్రీధనము పోవునని శాస్త్రము చెప్పలేదు. కాని బాల్యముననే పసుపుకుంకుమలు పోయిన పిల్ల సారెను గూర్చి యడుగువా రెవరు? శాస్త్రముచే నున్నది, చేతికి లేదు. అందుచే నితరులకు మమకార మైనది యామెకు మంటయైనది. శాస్త్రిగారు శీర్షికలో మంటలను పొయ్యిలో పెట్టక అరికాళ్ళక్రింద పెట్టుటలో గల స్వారస్య మిదియని మా నమ్మకము.

ఈ యొక్క కథ స్మృతివాదమును, వ్యామోహవాదమును గూడ పడగొట్టుచున్నది. గృహవస్తు మమకారము స్త్రీసహజమే యైనచో స్త్రీయైన యీ పిల్లయం దది యుండవలెను గదా. ఉన్నచోట నుండుటకును లేనిచోట లేకుండుటకును కారణము స్త్రీత్వము కాదు, హక్కు. పొలముపై మగవానికి గల ప్రీతిని మనము భూమిపుత్రుని యభిమానమని కీర్తింతుము. రాగిబిందెపై నాడుదానికి గల ప్రీతిని సామాను పిచ్చియని నవ్వుదుము. రెండును నొకటే భావము. పట్టాపుస్తకములో పేరుండుట యొకటి, బిందెమెడమీద పేరుండుట మరియొకటి.

హక్కుగ మొదలైనది కాలక్రమమున ప్రేమగ మారుటయు నిజము. పంపకములు గడచి, తగవులు చల్లారి, తోడికోడండ్రు కాలగతి నొందిన పిమ్మట ఆ యక్షరముల పని తీరిపోవును. అప్పుడు మనుమరాలు దానిపై వ్రేలుపెట్టి తన నాయనమ్మ పేరు కూడబలుకుకొనును. మనము స్మృతి యనునది అప్పుడు పుట్టినది. కొడుకుల పేర్లతో వంశవృక్షములు వ్రాసికొన్న యిండ్లలో గూడ కోడండ్ర పుట్టింటి పేర్లు తెలియుటకు తరచుగ నీ పాత్రలే యాధారము.

ఈ సిద్ధాంత మన్నిటికిని సరిపోవునని మేము పట్టుపట్టము. ఆవకాయ జాడీ కెదురు చెప్పజాలము. పింగాణిమీద నులి యాడదు, పేరుండదు. ఐనను గోదావరీ మండలమున జాడీ మీద గల ప్రీతి బిందెమీది ప్రీతికి తీసిపోదు. అచట హక్కు వస్తువుపై గాక, చేతివాటముపై నున్నది. ఆ జాడీలో నా చేయి పెట్టిన ఊరగాయ చెడదనునది యొక విధమైన యధికారము. తాతగారి పడకకుర్చీ మాట వేరు. అందులో నితరులు కూర్చుండకుండుట మమకారము కాదు, భయము. తాతగారు పోయిన తరువాత కొన్నాళ్ళకు దానిలో బట్టలు ఆరవేయబడును.

తిరుగలి, రోకలి మరియొక జాతి. వానిమీద మమకార మున్నట్లు చెప్పువారు అరుదు. విసరి విసరి చేతులు కాయలు గాచినవారికి విద్యుత్తు మర వరమే యైనది. కాని వానినుండి పాటలు పుట్టెను. తిరుగలి త్రిప్పునప్పటి వలయగతియు, రోకటిపోటు ఎత్తుడు దింపుడును ఆ పాటల నడకను నిర్ణయించినవి. రాజమహేంద్రవర ప్రాంతమున నేదునూరి గంగాధరముగారు జానపద గేయములను సేకరించి మిన్నేరు, మున్నీరు మొదలగు సంపుటములుగ నందించిరి. బిరుదురాజు రామరాజుగారి పరిశోధన యీ వాఙ్మయమునకు విశ్వవిద్యాలయములలో పీట వేసినది. వారి కృషిచే పాట మిగిలినది. పాటకు తాళము వేసిన రాయి పెరటిలో తులసికోటకు మెట్టైనది. ఛందస్సును గూర్చి పరిశోధించు విద్యార్థి పాటను కాగితముపై చదువుటకు ముందు ఒక శేరు పప్పు విసరి చూచినచో మేలు.

ఇంతవరకు మనము చెప్పినదంతయు మండువాలు గల వారి మాట. ఆ మండువాలకు పనిచేసినవారి గుడిసెలలో ఇత్తడి యెంత? మట్టికుండ పగులును, పేరు చెక్కుటకు వీలు లేదు. మామిడికుదురున పుట్టిన బోయి భీమన్నగారు పాలేరు నాటకముతో ఆ గుడిసెను వేదిక కెక్కించిరి. 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందిన వారి కావ్యము పేరు గుడిసెలు కాలిపోతున్నాయి. ఇల్లు కాలుచుండగా నేది బయటికి తేవలెనను ప్రశ్న సామాను గలవారిది. ఆ శీర్షికలో గుడిసె తప్ప మరియే వస్తువును లేదు. మన వచన వాఙ్మయమునందలి గృహవస్తు మమకారమును కీర్తించు విమర్శకుడు ఈ శీర్షికను ప్రక్కన పెట్టుకొని వ్రాయవలెను. హక్కు లేనిచోట మమకారము లేదన్న మా మాట యీ గుడిసెల యెడ మరింత కఠినముగ నిజమగుచున్నది.

ఇక నీ సామగ్రి యేమగుచున్నదో చూతము. ఇత్తడికి కళాయి కావలెను. కళాయి పోయిన పాత్రలో పులుసు కాచినచో చిలుము దిగును. తగరము, నవాసాగరము పట్టుకొని వీధివీధి తిరిగిన కళాయివాడు కనుమరుగగుటయు, తుప్పు పట్టని తేలిక స్టీలు పాత్ర దిగుటయు నించుమించు నొకేకాలమున జరిగినవి. పాత యిత్తడి తూకమునకు పోయి, దానికి మారుగా స్టీలు గిన్నెలు వచ్చెను. స్టీలు గిన్నెమీదను పేరు వేయింతుము, విద్యుత్తు సూదితో, దుకాణమునందే, నిముషములో. ఆచారము నిలిచినది. పాత పేర్లు మాత్రము మూసలో కరగినవి. ఒక తరమువారి నామావళి తూకపురాళ్ళకు సరిపోయినది.

నది తీసికొన్నదియు తక్కువ కాదు. 1953 నాటి వరదను, ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు దాటిన 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు కోనసీమ తుపానును చూచిన యిండ్లలో అటక యనునది సామాను గది కాదు, కరకట్టకు తరువాతి కట్ట. పోలవరము ముంపు గ్రామములవారి సంగతి వేరు. వారికి నీరు దిగిన తరువాత తిరిగివచ్చుట యనునది లేదు. 2013 నాటి భూసేకరణ చట్టము రెండవ షెడ్యూలులో నిర్వాసిత కుటుంబమునకు రవాణా కింద 50,000 రూపాయలు నిర్ణయింపబడినది. కుటుంబము, ఇంటి కలప రాళ్ళు, సామాను, పశువులు, అన్నియు నా యొక్క పద్దులోనే. కేతన పద్యములలో తల్లి యిచ్చినది, తండ్రి యిచ్చినది, అన్నదమ్ములిచ్చినది యని విడివిడిగ నిలిచిన ధనము నేటి శాసనమున ఎడ్లతో గూడి యొక బండి కెక్కినది. చట్టము వ్రాసినవారి యుద్దేశము మంచిదే, వారు లారీ కిరాయిని తలచిరి. స్త్రీధనమునకు వేఱు పద్దు వ్రాయవలెనని తోచుటకు ఆ సామానును వారు చదివియుండవలెను.

కావున మన శాఖల విద్యార్థులు తాళపత్రములకై యూళ్ళకు పోయినపుడు వంటింటిని గూడ నడుగవలెనని మా కోరిక. పాత్ర పేరు, లోహము, తూకము, అక్షరములు ఉన్నవి యున్నట్లుగ, తప్పులు దిద్దకుండ, పుట్టింటి యూరు, అత్తింటి యూరు, చెప్పినవారి సంబంధము వ్రాసికొన్నచో చాలును. మేము చూచిన వానిలో ముఖ్యముగ పరిశీలింపదగినవి, ఒక పేరును ఉలితో కొట్టివేసి దాని ప్రక్కనే మరియొక పేరు చెక్కిన పాత్రలు. కొట్టివేయబడినది అత్తగారి పేరో, సవతి పేరో, కాలముగాని కాలమున పోయిన ఆడుబిడ్డ పేరో, అడిగినచో నాయింటివారు వెంటనే చెప్పరు. కాఫీ యిత్తురు, కాలువ నీటిని గూర్చి మాటాడుదురు. ఆ పాత్రను వెలుగున కేటవాలుగ పట్టినచో చెరపిన యక్షరములు సగమైనను కానవచ్చును.